నువ్వెవరి తాలూకు?

మా వదిన ఇంకొరొనాతకి కొత్త మనిషి కనపడితే చాలు, నోరు ఊరుకోదు. "నువ్వెవరి తాలూకు, బాబూ?" అని అడిగేస్తుంది. కొండ మీది మా ఊరు సెర్రాల్బాలో అందరూ అడిగేదే అది. పేరు తరవాత, పని తరవాత. ముందు ఫలానా వాళ్ళ అబ్బాయి, ఫలానా వాళ్ళ మేనల్లుడు అని తేలాలి. తేలాకే కుర్చీ వేస్తాం. కాకపోతే మేం అలవాటు కొద్దీ అడుగుతాం, మా వదిన నిజంగా తెలుసుకోవాలని అడుగుతుంది. పెళ్ళయి మా ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే మా నాన్నని కూర్చోబెట్టి వంశం మొత్తం లాగబోయింది. ఆయన ముత్తాత దాకా చెప్పి, ఇక నా వల్ల కాదమ్మా అని టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆవిడ ఇల్లు ఊరికి దిగువన, కొండ రోడ్డు మలుపు తిరిగే చోట ఉండేది. మా అన్నయ్య రొక్కో, తనూ కలిసి కట్టుకున్న ఇల్లు. పిల్లల్లేరు వాళ్ళకి. అన్నయ్య పోయాక కూడా వదిన అక్కడే ఉండి గొర్రెలు మేపుకుంటూ, చీజు చేసి అమ్ముకుంటూ బతికింది. పైకి మా ఇంటికి వచ్చి ఉండమని ఎన్నిసార్లు అన్నానో. "నీ వంట తినడం కంటే ఒంటరిగా ఉండటమే మేలు, సెరఫీనా" అనేది. ఆవిడ నోటికి నేనే లోకువ.

ఇంటికి ఎగువన, కేక వేస్తే వినపడేంత దూరంలో చెత్త గుంత. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం మా చెత్త మేమే పారేసుకోవడానికని మునిసిపాలిటీ తవ్వించింది. అప్పుడు ఎవరమూ గొడవ చెయ్యలేదు. మన చెత్త మనం ఎక్కడో ఒక చోట వెయ్యాలిగా. మీ ఊళ్ళకైతే ఇది ఇప్పట్లో నిండదు, మీ మనవలు చూసుకుంటారు అన్నారు. నిండిన రోజున మాత్రం దిగువన రెండో గుంత తవ్వాలి. దిగువన అంటే మా వదిన ఇల్లే. ప్లానులో ఇంటి మీదుగా గీత కూడా గీసిపెట్టారు. అప్పటికి నేనుంటానా ఏమిటి అని వదిన నవ్వేసింది.

ఒక ఏడాది ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో ఒక పెద్ద లారీ మలుపు ఎక్కలేక ఆవిడ గుమ్మం ముందే ఆగి పొగ కక్కింది. డ్రైవరు నీళ్ళ కోసం దిగాడు.

"నువ్వెవరి తాలూకు, బాబూ?"

"నేను ఇక్కడివాణ్ణి కాదు పెద్దమ్మా."

"అది తెలుస్తూనే ఉందిలే. ఇక్కడివాడికి ఈ మలుపు గురించి తెలీదూ? ఎవరివాడివో చెప్పు."

"పేరు సబీనో. సముద్రం ఒడ్డున పట్నం మాది. మా నాన్న చేపల మార్కెట్లో ఐసు మోస్తాడు. మా వాళ్ళెవరూ మీకు తెలియరు."

"తెలియకపోవడం ఏమిటి? మా మేనత్త తోటికోడలిది ఆ పట్నమే. కూర్చో."

కాఫీ పెట్టింది. చీజు ముక్క కోసింది, ఎండు మిరపకాయలు నూనెలో వేయించి పెట్టింది. అప్పుడు అడిగింది, లారీలో ఏముందని.

"ఏముంటుంది పెద్దమ్మా, మా పట్నం చెత్త."

"మీకు గుంత లేదా?"

"నిండిపోయింది."

"అయ్యో పాపం" అని అతని కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసిందట. ఇదంతా సాయంత్రం తనే వచ్చి చెప్పింది నాకు, ఆ మేనత్త తోటికోడలు ఇంకా బతికే ఉందని తెలిసిన సంబరంలో.

"మన గుంతలో వాళ్ళ చెత్తేమిటి వదినా?" అన్నాను.

"ఒక్క లారీయే కదే. ఇబ్బందిలో ఉన్నారు. మన ఇంటి ముందుకొచ్చినవాణ్ణి వెనక్కి పొమ్మంటామా?"

ఆ ఒక్క లారీ వెనక ఎన్ని వచ్చాయో నేను చెప్పలేను. వేసవి వచ్చేసరికి తెల్లారకముందే మొదలయ్యేవి. వాసనకి కిటికీలు తెరవడం మానేశాం. వదిన చీజు కొనేవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకు చూసి, మొహమాటంగా నవ్వి, వచ్చే వారం వస్తాం అనేవాళ్ళు. సబీనో మాత్రం ఆగినప్పుడల్లా కాఫీ తాగి వెళ్ళేవాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామంటే నాకు రాలేదు. వాడి పొట్ట తిప్పలు వాడివి.

ఆగస్టులో మరియమ్మ పండగ అయ్యాక చర్చి పక్క హాల్లో మీటింగు పెట్టారు. పట్నంలో చదువుకున్న మా ఊరి లాయరు ఎజీదియో లేచి, పై ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చిందని, గుంత నడిపే కంపెనీ బయటి చెత్త తెచ్చుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకుందని చెప్పాడు. ఊరి గుంతలో బయటి చెత్త వెయ్యకూడదని చట్టం ఉందట. కోర్టు ఆపిస్తే గుంత మళ్ళీ మన మనవల కాలం దాకా వస్తుంది, ఆపించకపోతే ఏడాదిలో నిండుతుంది, రెండో గుంతకి ఇంకొరొనాత ఇల్లు పోతుంది అన్నాడు. అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ తలగుడ్డ సర్దుకుంది.

గుంతకి అందరికంటే దగ్గర ఇల్లు ఆవిడదే కాబట్టి కేసు ఆవిడ పేరు మీద వెయ్యాలన్నాడు. "ఈ ఉత్తర్వు సంగతి నీకు ఎప్పుడు తెలిసిందత్తా?" అని అడిగాడు. "ఇప్పుడే, నువ్వు చెప్తేనే" అంది. అబద్ధం కాదు. ఉత్తర్వు అనే మాటే అంతకు ముందు మాలో ఎవరమూ వినలేదు. ఆ పిల్లవాడు ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. అందుకు వాణ్ణి నేను ఈ జన్మలో క్షమించను, ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నా సరే.

సెప్టెంబరులో కేసు వేశారు. కోర్టు విచారణకి తీసుకుంది. ఎజీదియో మొహం వెలిగిపోయింది, మేమంతా గెలిచినట్టే తిరిగాం. వదిన ఇంటి కప్పుకి కొత్త పెంకులు కూడా వేయించుకుంది.

చలికాలంలో కంపెనీవాళ్ళు ఒక మాట అన్నారు, బయటి లారీలు ఈ మధ్యనే, అదీ ఏదో ఒకటీ అరా వచ్చాయని. ఊరు భగ్గుమంది. అప్పుడే జిల్లా టీవీ నుంచి ఒక పిల్ల మైకు పట్టుకుని మలుపు దగ్గరికి వచ్చింది. మేమందరం వదిన చుట్టూ చేరాం. "గట్టిగా చెప్పు, ఎంత కాలం నుంచి వస్తున్నాయో చెప్పు, వదలకు" అన్నాం. ఎంత ఎక్కువ కాలం నుంచి అంటే వాళ్ళ తప్పు అంత పెద్దదవుతుందని మా లెక్క. ఒక గొర్రెని దొంగిలించినవాడూ మందని తోలుకుపోయినవాడూ ఒకటేనా మరి?

వదిన పెళ్ళినాటి చెవి పోగులు పెట్టుకుంది. కెమెరా వైపు వేలు చూపించింది.

"ఈ మధ్యనా? ఎవరికి చెప్తారమ్మా? ఈస్టరు ముందు ఉపవాసాల్లో మొదటి లారీ వచ్చింది. నాకు ఆ రోజే తెలుసు! డ్రైవరుని కూర్చోబెట్టి అడిగాను, ఏ ఊరివాడో, ఎవరి తాలూకో, లారీలో ఎవరి చెత్తో. అంతా చెప్పాడు. నాకు తెలియకుండా ఈ రోడ్డు మీద పిల్లి కూడా దాటదు!"

ఆ రాత్రి కాఫీ హోటల్లో టీవీ ముందు ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. ఎజీదియో ఆ వారం పట్నంలో ఉన్నాడు.

కోర్టులో కంపెనీ లాయరు పెద్దగా వాదించలేదు. ఆ టీవీ ముక్క పెట్టి చూపించాడు. వదిన గొంతు ఆ పెద్ద గదిలో ఖంగున మోగింది. చూస్తూ నా పక్కన కూర్చుని తను గర్వంగానే తల ఊపింది. ఎజీదియో మాత్రం మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

కేసు కొట్టేశారని తీర్పు విన్నాక వదిన ఎజీదియోని వరండాలో నిలబెట్టి అడిగింది.

"అంటే వాళ్ళు చేసింది తప్పు కాదన్నారా?"

"తప్పో కాదో చూడలేదత్తా."

"మరేం చూశారు?"

"నీకెప్పుడు తెలిసిందో చూశారు. తెలిసిన రోజు నుంచి రెండు నెలల్లో కేసు వెయ్యాలి. నీకు ఉపవాసాల్లోనే తెలుసని నువ్వే చెప్పావు."

"ఉత్తర్వు సంగతి నాకు తెలీదుగా?"

"బయటి చెత్త వస్తోందని తెలుసు కదా. వాళ్ళకి అది చాలు."

 వదిన మెల్లిగా అడిగింది. "అయితే ఆ రోజు ఆ అబ్బాయికి నీళ్ళివ్వకుండా తలుపు వేసేసుకుని ఉంటే గెలిచేవాళ్ళమా?"

ఎజీదియో కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ ఔనన్నట్టు తల ఊపాడు.

అప్పీలుకని రోముకి వెళ్ళాం. అక్కడా అదే టీవీ ముక్క, అదే గడువు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఊరు ఊరుకుంటుందా? గట్టిగా చెప్పమన్న నోళ్ళే మాట మార్చాయి. "ఆడదానికి అంత నోరుండకూడదు" అన్నాడు కాఫీ హోటలు నడిపే వీతో అనేవాడు, ఆ రాత్రి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు. గ్లాసు వాడి మొహాన కొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు, బయటికి వచ్చేశాను. వదిన ఎవరినీ ఏమీ అనలేదు. సబీనో ఒకరోజు చేపల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి, "నేను ఆ రోజు అబద్ధం చెప్పి ఉండాల్సింది పెద్దమ్మా" అన్నాడు. "ఛీ, నా ఇంట్లో కూర్చుని అబద్ధం చెప్తావా?" అని తిట్టి, చేపలు తీసుకుంది. ఆ తరవాత వాడు ఇంకో దారిలో డ్యూటీ వేయించుకున్నాడని విన్నాను.

గుంత నిండింది. అనుకున్న దానికంటే తొందరగానే నిండింది. గొర్రెల్ని అమ్మేశాం. సామానంతా రెండు విడతల్లో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఇల్లు పడగొట్టే రోజు రావద్దన్నాను, వచ్చింది. యంత్రానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. రాళ్ళన్నీ లారీకెత్తారు. లారీ కిందికి కాకుండా పైకి తిరిగింది.

"పైకెందుకు?" అని వదిన డ్రైవరుని అడిగింది. కుర్రవాడు, ఆ ఇల్లు ఎవరిదో తెలియదు వాడికి.

"పాత గుంత మీదికే అమ్మా. రెండోది తవ్వేదాకా బయటి లారీలు అక్కడే పోస్తాయి, బురదలో దిగబడిపోతున్నాయి, బాట పరవాలి. ఈ రాయి భలే గట్టిదమ్మా, ఎంత బరువెక్కినా కదలదు. ఎవరు కట్టారో గానీ ఏరి కట్టారు."

వదిన రోడ్డు పక్కన మట్టిలో కూలబడిపోయింది. కోర్టులో ఏడవలేదు, రోములో ఏడవలేదు, అన్నయ్య పోయిన రోజున కూడా పది మందిలో ఏడవని మనిషి, ఆ కుర్రవాడి ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. వాడు భయపడి లారీ ఆపాడు. పొమ్మని నేనే చెయ్యి ఊపాను.