బాబాయి ఖాళీగా వదిలిన గడి

స్టోర్స్ బాబాయి పోయారు. ఆఫీసులో పొద్దుటి మీటింగు నడుస్తుండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి ఎల్లిపోనారమ్మా" అంది. ఐదు నిమిషాల్లో చేస్తానని చెప్పి పెట్టేశాను. మీటింగు ముగిశాక చేశాను. అప్పటికి నలభై నిమిషాలైంది.

ఆయన నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం భిలాయి వచ్చిన మనిషి, మా నాన్నకంటే రెండేళ్లు చిన్న, అందుకని బాబాయి. మాది అక్కడి పెద్ద ఉక్కు ప్లాంటు కాదు, దాని చుట్టూ బతికే కార్ఖానాల్లో ఒకటి. కొనుగోలు, స్టోర్స్, మరమ్మతు అని మూడు విభాగాలు, మూడు కంప్యూటర్ జాబితాలు. ఒకే బేరింగును ఒకరు నంబరుతో పిలుస్తారు, ఒకరు అది ఉండే అరతో, ఇంకొకరు అది తిరిగే మిషన్‌తో. ఈ మూడింటినీ ఒక్క జాబితా చేసే పని నాకిచ్చారు. నాకు ముందు చేసినవాళ్లు అంకెలు కలిపి, అర్థాలు కలపకుండా వదిలేసి వెళ్లారు.

అర్థాలు బాబాయి రిజిస్టరులో ఉండేవి. రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి గేట్ పాస్ పొడిగించి ఆయన్ను ఉంచుకున్నది దానికోసమే. వస్తువుకొక వరస. దాన్ని ఎక్కడ ఏమంటారు, ఎలా లెక్కపెడతారు, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు. మా కన్సల్టెంట్లు మెటాడేటా అని బోర్డు నిండా బాణాలు గీసి చెప్పినదాన్ని ఆయన 'సంగతి' అనేవారు.

"సరుకు కలపడం ఎంతసేపమ్మా? ముందు దాని సంగతి కలపాల. అది కలవకండా సరుకు కలిపీస్తే రోజూ తగువే."

చిక్కేమిటంటే, ఆ రిజిస్టరు తెలుగులో ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు మాట వచ్చు, అక్షరం రాదు. ఆయనే నేర్పారు. అ ఆలు కాదు, బేరింగు, బోల్టు, బెల్టు. అరల మీది చీటీలే నా పలకలు. నాలుగు నెలల్లో చదవడం వచ్చింది, ఆ తర్వాత రాయడం. ఈ నాలుగు ముక్కలు మీకు తెలుగులో రాస్తున్నానంటే ఆ పుణ్యమే.

రిజిస్టరు జిరాక్సుకు పవర్ హౌస్ బజారుకు తీసుకెళ్తానంటే ఒంటరిగా పంపలేదు, తనూ వచ్చారు. మిషన్ పక్కనే నిలబడి ఒక్కో పేజీ తన చేత్తో తిప్పి ఇచ్చారు. తెలిసింది పెన్నుతో, తెలియంది పెన్సిల్‌తో రాసేవారు. అడిగి కనుక్కున్నాక దాని మీద పెన్నుతో దిద్దేవారు. వైశాలి నగర్‌లో వాళ్లింట్లో పప్పు డబ్బాలకూ ఇదే పద్ధతి, ఎప్పుడు కొన్నారో, ఎక్కడ కొన్నారో చీటీ ఉండాల్సిందే. "నాకు సదువే రాదు. ఎవురికోసం రాస్తారో అడుగమ్మా" అని పిన్ని ఏడిపించేది.

ఆయనకు కావలసింది ఒక్కటే, ఇంకో ఏడాది పాస్. మేనేజరు సాబ్‌ను అడగడానికి మొహమాటపడి నాతో అన్నారు. "నువ్వు సాబ్‌తో ఓ మాట సెప్పు. ఇంట్లో కూకుంటే నానేటి సెయ్యాల?" చెబుతానన్నాను.

ఆ నెలలోనే నా పనికి తనిఖీ వచ్చింది. తెర మీద అన్ని వరసలూ పచ్చగా కనబడాలి. ఒక్క బేరింగు ఎర్రగా మొండికేసింది. దాని లెక్క దగ్గర రిజిస్టరులో ఉన్నట్టే 'జోడీ' అని పెట్టాను, సిస్టమ్ ఒప్పుకోలేదు. తీసేసి 'ఒకటి' అని కొట్టాను. పచ్చగా మారింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను.

మూడు వారాలకు మరమ్మతు వాళ్లు ఆరు కావాలన్నారు. వాళ్ల ఆరంటే ఆరు జతలు. జాబితా చూసి కొనుగోలు వాళ్లు ఆరే తెప్పించారు. విప్పిన మిషన్ విప్పినట్టే రోజంతా ఆగిపోయింది. సాబ్ నన్ను పిలిచి ఎవరి తప్పని అడిగాడు. "రిజిస్టరులో అలాగే ఉంది సార్" అన్నాను. ఆలోచించి అన్నదే, నోరు జారింది కాదు.

బాబాయిని పిలిపించాడు. "అంకుల్, ఆప్‌కీ కితాబ్ గలత్ హై" అని, మీ పుస్తకమే తప్పని అందరి ముందూ అన్నాడు. బాబాయి రిజిస్టరు తెరిచి ఆ పేజీ చూశారు. పెన్నుతో, గుండ్రంగా, జోడీ. సాబ్‌కు తెలుగు రాదు. ఆ గదిలో దాన్ని చదవగలిగింది ఇద్దరమే. ఆయన నా వైపు చూశారు. నేను ఫోన్ చూసుకున్నాను.

"హా సాబ్, గల్తీ హో గయీ" అని తప్పు తన మీద వేసుకుని రిజిస్టరు మూసేశారు.

పాస్ పొడిగించలేదు. నేను ఒక మాట చెప్పనూ లేదు. చివరి రోజు ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్తుంటే ఎవరూ ఆపలేదు, అంతా కంప్యూటర్‌లోకి వచ్చేసిందిగా. ఆ తర్వాత ఆరు నెలలు బతికారు. రెండుసార్లు ఫోన్ చేశారు. పనిలో ఉన్నానన్నాను.

పదోరోజు వైశాలి నగర్ వెళ్లాను. ఇది నీకే పనికొస్తుందని పిన్ని రిజిస్టరు నా ఒళ్లో పెట్టింది. మధ్యలో పెన్సిల్ ఉన్నచోట తెరుచుకుంది. అదే బేరింగు కింద కొత్త వరస.

'జోడీ తీసి ఒకటి అని మార్పు. మార్చింది: మా అమ్మాయి.' తేదీ ఉంది. 'ఎందుకు' అన్న గడి ఖాళీ. పక్కన పెన్సిల్‌తో సన్నగా, 'అడగాల.'

"ఏటి రాసున్నారమ్మా అందులో?" అంది పిన్ని టీ గ్లాసు అందిస్తూ.

"బేరింగుల లెక్క పిన్నీ" అన్నాను.

పిన్నికి చదువు రాదు. సాబ్‌కు తెలుగు రాదు. నేనిదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నది అందుకే. రిజిస్టరు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ గడిలో ఇంకా ఏమీ రాయలేదు.