పేరు తెలియని గొంతు

నేను పెంటపాడులో టీచర్ని. పోయిన వేసవి సెలవుల్లో ఇంట్లో ఒక్కదాన్నే ఉండగా వీడియో కాల్ వచ్చింది. పోలీసు యూనిఫాంలో ఉన్న మనిషి హిందీలో గద్దిస్తుంటే, తెర మీద కనిపించని మరొకతను తెలుగులో చెబుతున్నాడు. నా ఆధార్‌తో ఎవరో మత్తుమందులు పంపారట, నన్ను అరెస్టు చేశారట, గది దాటకూడదట. "ప్రభువా!" అంటూ ఏడ్చేశాను.

యూనిఫాం మనిషి లేచి పక్కకు వెళ్లగానే ఆ తెలుగు గొంతు గుసగుసగా మారింది.

"ఏడవకండి మేడమ్, ఇదంతా అబద్ధమండీ. మాది భీమడోలండీ. ఉద్యోగమని పరాయి దేశం తీసుకొచ్చి బంధించేశారు. ఫోన్ పెట్టేసి పోలీసులకి చెప్పండి..."

అంతలో ఎవరో అరిచారు. దెబ్బ చప్పుడు, అతని కేక వినిపించాయి. కాల్ తెగిపోయింది.

అతనిది భీమడోలు కాబట్టి వెంటనే ఏలూరు సైబర్ పోలీసుల దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పాను.

"మీకు కాల్ వచ్చిన యాప్ కంపెనీ ఒక దేశంలో, ఈ మోసగాళ్లుండేది ఇంకో దేశంలోనండీ. కంపెనీ వివరాలివ్వాలి, అక్కడి పోలీసులు కదలాలి," అన్నారు ఎస్సై గారు.

అక్కడ అతన్ని కొడుతుంటే ఇక్కడ నేను ఎదురుచూడటం తప్ప ఏం చేయగలను?

కొన్ని నెలలకు ఎస్సై గారు ఫోన్ చేశారు.

"యాప్ కంపెనీ ఆ మోసగాళ్ల ఆచూకీ ఇచ్చిందండీ. అక్కడి పోలీసులు దాడి చేసి చాలామందిని విడిపించారు. వాళ్లలో భీమడోలు వాళ్లెవరూ లేరండీ. ముందే కొందరిని వేరేచోటికి తరలించేశారట. పేరు చెబితే వెతకమని రాస్తాం. ఆయన పేరేంటండీ?"

దొరికిన ఆ కాస్త సమయాన్నీ అతను నన్ను కాపాడటానికే వాడాడు. తన పేరు చెప్పుకోలేదు.