కుళాయి వద్దని అర్జీ

హిందీ మాట్లాడే సీమలో, ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో రుఆబాంధా క్వార్టర్లు అయిపోయే చోట ఒక మురుగుకాలువ ఉంది. కాలువకి ఇవతల టౌన్‌షిప్, అవతల పైడితల్లి ఉండే బస్తీ. ఆ బస్తీ టౌన్‌షిప్‌ది కాదు, మునిసిపాలిటీది అంతకన్నా కాదు, పక్క పల్లె పంచాయతీని అడిగితే వాళ్లూ మాది కాదనేవారు. చాలా ఏళ్లు టౌన్‌షిప్ మంచినీళ్ల పైపు ఆ కాలువ దాటలేదు. మురుగు మాత్రం ఎవరి అర్జీ అక్కర్లేకుండానే రోజూ వచ్చేది. వానాకాలంలో గుమ్మాల్లోకీ వచ్చేది.

పైడితల్లి బొబ్బిలి పక్క పల్లె నుంచి పంతొమ్మిదివందల అరవైలో వచ్చింది, చంకలో కొడుకు చినబాబుతో. మొగుడు గోపాలస్వామి ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పర్మనెంటు అయితే క్వార్టరు, క్వార్టరుంటే కుళాయి. "వచ్చే ఏడు అయిపోతాదే" అంటూనే అతను ఇరవై ఏళ్లు గడిపాడు. ఆ మాట నమ్మడం ఆమె ఎప్పుడో మానేసింది. చెబితే బాధపడతాడని చెప్పలేదు.

నీళ్లకి ఆమె దారి ఆమె చూసుకుంది. చివరి వరుస క్వార్టరులో వరలక్ష్మమ్మ ఉండేది. విజయనగరం మనిషి, భర్త శంకరరావు ప్లాంటులో ఫోర్‌మన్. డెబ్భై ఒకటి ఎండల్లో పైడితల్లి వాళ్ల పెరటి తలుపు తట్టి, "అమ్మా, రెండు బిందిలు నీల్లు పట్టుకుంతాను, మీ అంట్లు తోమీసి ఎల్తాను" అంది. ఆ ఒప్పందం పదమూడేళ్లు నడిచింది. అంట్లతో ఆగలేదు. ఆ ఇంటి పిల్లలకి జ్వరమొస్తే పక్కన కూర్చునేది, ఆవకాయ రోజుల్లో ముక్కలు కొట్టేది. పని అయ్యాక ఇద్దరూ ఊరి కబుర్లు చెప్పుకునేవారు.

ఎంతైనా పరాయి కుళాయి పరాయిదే. వరలక్ష్మమ్మ పుట్టింటికి వెళ్తే పెరటికి తాళం, పైడితల్లికి చెరువు నీళ్లు. డెబ్భై అయిదులో అలాంటి ఒక నెలలోనే ఆమె మూడేళ్ల కూతురు వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది.

ఆ తర్వాత ఆమె అర్జీల మీద పడింది. సైకిల్ షాపు తాతబ్బాయికి హిందీ రాయడం వచ్చు. అతని చేత రాయించి, నలభై ఇళ్ల వేలిముద్రలు వేయించి, కనిపించిన ప్రతి ఆఫీసులోనూ ఇచ్చింది. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకి పొమ్మనేది, ఆ ఆఫీసు మళ్లీ ఇక్కడికే పంపేది. కాళ్లరిగేలా తిరిగింది. చినబాబుకి ఆడపిల్ల పుట్టాక మరీ పట్టుబట్టింది.

ఎనభై నాలుగులో, ఎన్నికల ముందు, పైపులు దిగాయి. బస్తీ మధ్య సిమెంటు దిమ్మ కట్టి రెండు కుళాయిలు బిగించారు. కొబ్బరికాయ కొట్టారు. నిజంగానే నీళ్లు వచ్చాయి! పైడితల్లి దోసిలి పట్టి, పోయిన కూతుర్ని తలుచుకుని అందరి ముందూ ఏడ్చింది.

మర్నాడు సన్నటి ధార. నాలుగో రోజుకి ఉత్త గాలి. ప్రెషర్ చాలదన్నాడు ఫిట్టరు. టౌన్‌షిప్ ఇళ్లన్నీ పట్టుకోగా మిగిలితే ఈ చివరికి వస్తాయట. ఆ వేసవంతా ఏమీ మిగల్లేదు.

పైడితల్లి మళ్లీ బిందె పట్టుకుని పెరటి తలుపు తట్టింది. వరలక్ష్మమ్మ తలుపు ఓరగా తీసి, అడ్డంగా నిలబడింది.

"ఏమనుకోకే పైడితల్లీ. మా వరుసలో నీళ్లు చాలట్లేదని అందరూ గోల. ఇన్నాళ్లూ మీకు లేదని ఊరుకున్నారు. ఇప్పుడు మీకూ కుళాయి వచ్చింది కదా అంటున్నారు. ఆయనకీ డ్యూటీలో మాటొచ్చింది."

"కొళాయి వచ్చింది గానీ నీల్లు రానేదమ్మా."

"నాకు తెలుసే," అంది వరలక్ష్మమ్మ, తలుపు వేస్తూ.

తెలియని మనిషి వేసిన తలుపయితే పైడితల్లి ఇంత బాధపడేది కాదు. తిన్నగా సైకిల్ షాపుకి నడిచింది.

"దరకాస్తు రాయి బాబూ."

"ఏటని రాయమంతావు పిన్నీ?"

"మా కొళాయి పీకీమని రాయి."

తాతబ్బాయి నవ్వబోయి, ఆమె మొహం చూసి కాగితం తీశాడు.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఆ దిమ్మ నేకపోతే నా బింది నాకు నిండుతాది. రాయి!"

కుళాయి వేయించిన ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఫైలు తీసి చూశాడు. అతను హిందీలో చెప్పింది వెంట వచ్చిన తాతబ్బాయి ఆమెకి విడమరిచాడు: రికార్డు ప్రకారం ఈ బస్తీకి నీళ్లు అందుతున్నాయి, అందుతున్న నీళ్లు ఆపే అధికారం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున్న ఆమె చెరువుకి వెళ్లింది. తెచ్చిన నీళ్లు గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టింది, కాచింది, మళ్లీ వడకట్టింది. పాచి వాసన పోలేదు.

"దాదీ, పానీ," అంది రెండేళ్ల మనవరాలు, కొంగు పట్టుకుని.

పైడితల్లి గ్లాసు అందించింది. పిల్ల తాగుతున్నంతసేపూ ఆ చిన్న గొంతు కదలడాన్నే చూస్తూ కూర్చుంది.