సఫారీ బండిలో సీటు

నాన్న జబ్బుపడి పనికి అన్‌ఫిట్ అని డాక్టర్లు తేల్చాక, వారసుడిగా ఆయన గని ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. నాకు అభ్యంతరం లేదని నేనూ సంతకం పెట్టాను. నాన్న పోయాక అమ్మ వాడి కంపెనీ క్వార్టర్‌లోనే ఉంటుంది. మొన్నటి దసరా సెలవుల్లో వాడు మమ్మల్నందరినీ కారులో హైదరాబాద్ జూకు తీసుకెళ్లాడు.

పులుల సఫారీకి ఎండలో చాలాసేపు వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి బండిలో నాలుగు సీట్లే మిగిలాయి. తమ్ముడు, మరదలు, వాళ్ల కొడుకు ఎక్కారు. వెనకే నా కూతురు మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వాగు బిడ్డా, మీ అమ్మమ్మ కూసుంటది. మా ఇంటోళ్లకే సరిపోతయి సీట్లు" అంది మరదలు. తమ్ముడు ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు.

నేను అమ్మ వైపు చూశాను.

"మీరు ఎనుక బండికి రండ్రి" అంటూ ఆమె ఎక్కి కూర్చుంది.

ఆ రోజుకు వెనక బండి లేదు. "మనం అమ్మమ్మ ఇంటోళ్లం కాదా?" అని పాప అడిగింది.

దిగాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏం లేదు బిడ్డా, పులి పండుకొనే ఉన్నది."

చెయ్యి విడిపించుకున్నాను. కారెక్కకుండా పాపతో బస్సులో గోదావరిఖని వచ్చేశాను. అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడుతున్నాను. ఆ క్వార్టర్ గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.