అమ్మ చేసిన చలికాలం

హోప్ టౌన్‌లో మా ఇంటి వెనక యాపిల్ కాసిందంటే పోర్ట్ బ్లెయిర్‌లో నా ఆఫీసువాళ్లు ఇప్పటికీ నమ్మరు. అప్పుడు ఫోన్ తీసి ఫొటో చూపిస్తాను. అందులో అమ్మ కెమెరా వైపు కాకుండా కాయల వైపు చూస్తూ ఉంటుంది.

నాన్న వేటకు వెళితే అమ్మ చేపలమ్మేది. మోకాళ్ల నొప్పులొచ్చి బుట్ట దించేశాక ఆమెకు ఏమీ తోచేది కాదు. ఒకసారి శ్రీకాకుళంలో మేనమామ ఇంటికి వెళ్లి, వస్తూ వస్తూ నర్సరీలో రెండు యాపిల్ మొక్కలు కొనుక్కొచ్చింది. ఓడలో వాటిని పక్కనే పెట్టుకుని, తను తాగే నీళ్లే పోసిందట.

ఒకటి ‘అన్నా’ రకం. వేడి ప్రాంతాల కోసం ఇజ్రాయెల్‌లో రెండు యాపిల్ రకాలను కలిపి పుట్టించిన సంకరం. మామూలు యాపిల్‌కు కావలసినంత చలి దీనికి అక్కర్లేదు. రెండోది వేరే రకం. దాని పుప్పొడి అందితేనే ‘అన్నా’ బాగా కాస్తుంది.

“ఏటీ, సెట్టుకి అన్నా అని పేరెట్టారా? పిలిస్తే పలుకుద్దేటి?” అని అమ్మ ఒకటే నవ్వు.

పక్కింటి బెంగాలీ భయ్యా మాత్రం, “దీదీ, యహా సేబ్ నహీ హోగా” అని, ఇక్కడ యాపిల్ కాయదని తేల్చేశాడు. రెండేళ్లు ఆయన మాటే నిజమైంది. చెట్లు ఏపుగా పెరిగాయి తప్ప ఒక్క పువ్వూ పూయలేదు.

అమ్మ నర్సరీవాళ్లకు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే స్టూలు వేసుకుని పచ్చటి ఆకులన్నీ తెంపడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తుకెళ్లి స్టూలు పట్టుకున్నాను.

“బాగున్న ఆకులెందుకమ్మా తెంపుతున్నావ్?”

“సలికి ఆకు రాలిపోయి సెట్టు పడుకోవాలట. అప్పుడే పువ్వట. మనకి సలికాలం లేదు కదా, నానే సేస్తన్నాను.”

కొన్ని వారాలకు మోడుల్లాంటి కొమ్మల మీద లేత గులాబీరంగు పూలొచ్చాయి. అమ్మ మెత్తటి బ్రష్షుతో ఈ చెట్టు పుప్పొడి ఆ చెట్టు పూలకు అద్దింది. కాయలు పడ్డాక చిలకలు వాలకుండా నాన్న పాత వల తెచ్చి కప్పాడు.

వానలు మొదలయ్యేలోపే కాయలు పండాయి. కాస్త పొడుగ్గా, పసుపు తొక్క మీద ఎరుపు పూసినట్టున్నాయి. కొరికితే కరకరమన్నాయి. తీపి, వెనకే చిన్న పులుపు. ఈ రకం ఎక్కువ రోజులు నిలవుండదని విని అమ్మ, “మన సేపలాగే, తాజాగా ఉన్నప్పుడే తినాల” అంటూ అప్పటికప్పుడు కోసి వాడంతా పంచింది.

భయ్యా ఒక ముక్క నమిలి ఇంకో ముక్క తీసుకున్నాడు. తర్వాత, “దీదీ, మాయాబందర్‌లో మా తమ్ముడికి రెండు మొక్కలు ఇస్తావా?” అని హిందీలో అడిగాడు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. “దేంగే భయ్యా. కానీ ఆకులు తెంపడం నానే వచ్చి నేర్పాల” అంది.

ఆ గొంతులోని దర్జా నేనంతకు ముందెప్పుడూ వినలేదు. రెండు చెట్ల కొమ్మలకూ కట్టిన అంట్లు వేళ్లు పట్టాక, బస్సులో అంత దూరం అమ్మను తీసుకెళ్లింది నేనే. దారి పొడవునా అమ్మ ఆ మొక్కలను ఒళ్లోనే పెట్టుకుంది. ఏం చెట్టని అడిగిన ప్రతివాళ్లకూ ఆమె కంటే ముందు నేనే చెప్పాను.