సాయంత్రం గడిలో నూట నాలుగు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది జరగక ముందు లేదు, జరిగిన తరువాత కూడా కలగలేదు. దేవదూతల మాట కూడా ఎవరూ ఎత్తవద్దు. మాది చర్చికి పోయే కుటుంబమే. అయినా అర్థం కాని ప్రతిదానికీ రెక్కలు తగిలించడం నాకు చేతకాదు.

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. ఎవరైనా కాస్త గట్టిగా అడిగితే తల వంచుకుంటాను. చెప్పాల్సిన మాటలు ఇంటికి వచ్చి డైరీలో రాసుకుంటాను. ఈ సంగతి జరిగి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో, నేను చేయని పనికి నన్ను మెచ్చుకోనివాళ్ళు మా పేటలో లేరు. ఆ మెప్పు నాకు వద్దు. అది చెప్పడానికే రాస్తున్నాను.

మా ఊరు మార్కాపురానికి నాలుగు మైళ్ళు. నాయన పలకల గనిలో రాయి చీలుస్తాడు. ఆ ఏడు అమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్చాము. అక్కడి తెల్ల డాక్టరు దొరసాని ఆపరేషన్ చేసి గడ్డ తీసేసింది. తోడుగా నేను ఉండిపోయాను. నాయన ఆదివారాలు మాత్రం వచ్చేవాడు.

అవి యుద్ధం రోజులు. కాగితం దొరికేది కాదు. అందుకని ఆ ఆసుపత్రిలో ప్రతి మంచానికీ కాళ్ళ వైపు మేకుకు ఒక పలక వేలాడదీశారు. పలకలకు మా వైపు కరువేముంది? పలక మధ్యన ఒక గీత. ఎడమ గడిలో పొద్దుటి జ్వరం, కుడి గడిలో సాయంత్రం జ్వరం. రాసేది ఒక్క నర్సు ఎస్తేరమ్మే. బలపం ఆమె నడుముకు దారంతో కట్టి ఉండేది. అంకెలు ఇంగ్లీషువి.

ఆపరేషన్ అయిన సాయంత్రమే దొరసాని నన్ను పిలిచింది. ఆమెది పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు.

"ఏడు దినములు ఈ కట్టును ఎవరును ముట్టకూడదు. నీవును ముట్టకూడదు. మీ తల్లికి రక్తము తక్కువ. పుండు చెడిన యెడల నేను ఏమియు చేయజాలను."

పుండు దేనివల్ల చెడుతుందని తరువాత ఎస్తేరమ్మను అడిగాను.

"చెయ్యి, గుడ్డ, ఈగ, చుట్టాలు" అంది. "అన్నిటికంటే చుట్టాలు."

మూడో రోజు రాచర్ల నుంచి మా మేనత్త రూతమ్మ రైల్లో వచ్చింది. చిన్నప్పటి నుంచి నాకు తల దువ్వి జడ వేసిన మనిషి. ఆమె మీద నాకు కోపం లేదని ముందే రాస్తున్నాను.

"ఏం మే, ఇంకా గోడకు అతుక్కొనే ఉన్నావా? నోరు తెచ్చుకున్నావా, ఇంటికాడనే పెట్టి వచ్చినావా?" అంది. నేను నవ్వాను. "పోయి కుండలోకి నీళ్ళు పట్టకరా పో. మీ అమ్మ, నేను ప్రార్థన చేసుకుంటాము."

ప్రార్థనకు అడ్డం చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఆ రోజు డైరీలో ఆ మాట కూడా ఉంది. ఎందుకు రాశానో తెలియదు. కనబడింది కాబట్టి రాసి ఉంటాను. మరునాడు పొద్దుటి రైలుకు అత్త వెళ్ళిపోయింది.

ఐదో రోజు. పొద్దున జ్వరం తొంభై తొమ్మిది. నొప్పి పెద్దగా లేదంది అమ్మ. గంజి తాగి, మధ్యాహ్నం గోడ వైపు తిరిగి నిద్రపోయింది. నేను కింద కూర్చుని రాసుకుంటున్నాను. తల ఎత్తితే పలక కనబడింది. సాయంత్రం గడిలో అంకెలు ఉన్నాయి.

౧౦౪.

నూట నాలుగు. తెలుగు అంకెలు. ఆ ఆసుపత్రిలో వాటిని రాసేది నేను ఒక్కదాన్నే, అదీ నా డైరీ పుటలకు. మా ఊరి పంతులు నేర్పినవి. నాలుగు చివర తోకను నేను బారుగా లాగుతానని ఆయన నా వేళ్ళ మీద కొట్టేవాడు. పలక మీద నాలుగుకు అదే తోక.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తడి గుడ్డతో తుడిచేశాను. నా కంచం తీసుకుని కుళాయి దగ్గరికి పోయాను. కుళాయి వార్డు కిటికీకి ఎదురుగానే ఉంది. ఎస్తేరమ్మ కిటికీలోంచి, "కంచం అరిగిపోతుంది, చాలు రా" అని పిలిచింది కూడా. లోపలికి వచ్చేసరికి ఆమె అమ్మ మంచం దగ్గర నిలబడి ఉంది. సాయంత్రం గడిలో అవే అంకెలు, అదే తోక.

"ఏంది పిల్లా ఇది?"

"నేను రాయలేదు."

"నువ్వు కాకుంటే ఎవరు? ఈ వార్డులో అక్షరం ముక్క వచ్చింది నీకొక్కదానికే."

అది నిజం. మిగతా మూడు మంచాల వాళ్ళూ వేలిముద్ర వేసేవాళ్ళే. అమ్మా అంతే, అత్తా అంతే. బలపం మాత్రం ఎస్తేరమ్మ నడుముకే ఉంది. నా దగ్గర ఉన్నది పెన్సిలు ముక్క. దానితో పలక మీద అంత తెల్లటి గీత పడదు.

ఆమె థర్మామీటరు పెట్టి చూసింది. తొంభై తొమ్మిదిన్నర. "చూసినావా? రోగుల పలక మీద పిచ్చి గీతలు గీస్తే బయటికి పంపిస్తా" అంటూ తుడవడానికి గుడ్డ తీసింది. అప్పుడే దొరసాని లోపలికి వచ్చింది. పలక వైపు చూసింది.

"ఎవరు వ్రాసిరి?"

ఆ క్షణంలో నా మనసులో ఏముందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ అంకెలను నేను నమ్మలేదు. అత్త కొంగుతో చేతులు తుడుచుకోవడం మాత్రం గుర్తుకు వచ్చింది. రాయలేదని మళ్ళీ అంటే ఏమవుతుందో తెలిసిపోయింది. ఎస్తేరమ్మ తుడిచేస్తుంది, ఇంకో రెండు రోజులు ఎవరూ కట్టు వైపు చూడరు. రాసింది నేనే అంటే, ఎందుకని అడుగుతారు. అడిగితే కట్టు విప్పి చూడమని చెప్పవచ్చు.

"నేనే రాశాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎస్తేరమ్మ చేతులు నడుముకు పెట్టుకుంది. "ఇప్పుడే కాదంటివే."

"ఏల వ్రాసితివి?" అంది దొరసాని.

"కట్టు విప్పి చూడండమ్మా. లోపల బాగుంటే నన్ను ఇప్పుడే బయటికి పంపించండి. మళ్ళీ గడప తొక్కను."

దొరసాని కోప్పడలేదు. విప్పడం కూడా అపాయమేనని ఓపికగా చెప్పింది. మానుతున్న పుండును ముందుగా తెరిస్తే, లేని విషాన్ని మనమే లోపలికి పంపినట్టు అవుతుందంది. రక్తం తక్కువైన మనిషి దాన్ని తట్టుకోవడం కష్టమంది. నా మాట తప్పయితే అమ్మను నేనే చంపినదాన్ని అవుతాను. అయినా నేను పక్కకు జరగలేదు.

మా మాటలకు అమ్మ మేలుకుంది. సంగతి అర్థమై, రెండు చేతులూ కట్టు మీద పెట్టుకుంది.

"వద్దు దొరసానమ్మా. ఇప్పద్దు. బాగనే ఉంది."

దొరసాని అమ్మ చేతుల వైపు చాలాసేపు చూసింది. తరువాత ఎస్తేరమ్మతో నీళ్ళు కాచమంది.

కట్టు కింద, కుట్ల మీద, ఆముదంలో తడిపిన దూది ఉంది. ఏడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనల్లో చర్చి బల్ల మీద ఉంచిన ఆముదం. మా వాళ్ళు నొప్పి ఉన్న చోట అది రాస్తారు. గుణం కనబడేదాకా రాసినట్టు ఎవరికీ చెప్పకూడదు. చెబితే పని చేయదంటారు. అందుకే అత్త నన్ను నీళ్ళకు పంపింది. అందుకే అమ్మ రెండు రోజులు నోరు మెదపలేదు. ఇద్దరూ మంచికే చేశారు.

దూది చుట్టూ చర్మం ఎర్రబడి ఉంది. దొరసాని వేలితో ఒత్తితే కుట్టు పక్కనుంచి చీము వచ్చింది. మూడు కుట్లు కోసి, చీము తీసి, కడిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని మూలుగుతూనే, "మీ అత్తను ఏమీ అనవాక" అంది.

ఆ సాయంత్రం అమ్మకు జ్వరం పెరిగింది. ఎస్తేరమ్మ థర్మామీటరును దీపం దగ్గర రెండుసార్లు చూసింది. పలక దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం గొడవలో ఎవరూ దాన్ని తుడవలేదు. కొత్తగా రాయాల్సిన అవసరం లేకపోయింది. పట్టుకున్న బలపాన్ని నడుము దారానికే జారవిడిచి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అమ్మ మాది కాదనుకున్నాము. ఐదో నాటికి జ్వరం దిగింది. ఇంకో రెండు రోజులు కట్టు అలాగే ఉంచి ఉంటే మనిషి దక్కేది కాదని దొరసాని నాయనతో చెప్పింది. నెల తిరక్కుండా అమ్మ బండెక్కి ఇంటికి వచ్చింది.

ఆ పలక మీద రాసింది నేనని ఎస్తేరమ్మ అంటుంది, దొరసాని అనుకుంటుంది, ఊరు పొగుడుతుంది. దొరసాని ముందు నేను చెప్పింది అబద్ధం. అవసరమైతే మళ్ళీ చెబుతాను. కానీ నేను రాయలేదు. నిద్రలో రాశావంటారు కొందరు. కంచం కడుగుతూ ఎవరు నిద్రపోతారు? వాసన పట్టి ఉంటావంటారు. కార్బాలిక్ మందు వాసన తప్ప ఆ గదిలో నా ముక్కుకు ఇంకేమీ తగల్లేదు. తగిలినా, జ్వరం ఎంత వస్తుందో వాసన చెప్పదు.

నాయనకు మాత్రం మొత్తం చెప్పాను. ఆయన, "తుడిచినాక ఎంతసేపటికి వచ్చినావు?" అని అడిగాడు. కంచం కడిగినంత సేపు అన్నాను. "తడి పలక మీద బలపం పట్టదు" అన్నాడు. "రాయి సంగతి నాకు తెలుసు. మిగతాది నాకు తెలీదు." అంతకు మించి నాకు సాక్ష్యం లేదు.

మొన్న అమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతూ ఆ మాట మళ్ళీ ఎత్తింది.

"ఎందుకే అంత మొండితనం? ఊరంతా మెచ్చుకుంటుంటే ఔనంటే నీ నోరు అరిగిపోతాదా?"

"నేను రాయలేదమ్మా."

"మరి నీ రాతే గదా."

"నా రాతే."

"మరి ఎవరు రాసినారు?"

"తెలియదు" అన్నాను.

అమ్మ చేట ఆపి నా వైపు చూసింది. నేను తల వంచుకోలేదు.