గాలిమరకు కట్టిన తీగె

మా తాత నన్ను ఒకే ఒక్కసారి కొట్టాడు. అదీ ఆయుధ పూజ నాడు, పండగ పూట, అందరి ముందర.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో మా ఇంటి నడవలో కొడవళ్ళు, పారలు, మడక కర్రు, అమ్మ కత్తిపీట అన్నీ కడిగి చెక్క పలక మీద వరసగా పెట్టారు. వాటి మధ్య తాత గాలిమర ఉంది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. జానెడు ఇనుప గుండు, దాని నెత్తిన చిన్న రేకుల ఫ్యాను. ఫ్యానంటే తిరగాలి కదా. తాత దాన్ని తిరగనిచ్చేవాడు కాదు. రాగి తీగెతో బిగించి కట్టేవాడు. ఏటా ఆయుధ పూజకు తీగె మార్చేవాడు. ముందు కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది తీసేవాడు. ఒక్క ఏడు కూడా ఆ వరస తప్పలేదు. అది కూడా పూజలో ఒక తంతే అనుకున్నాం, రక్షకు చేతికి కాపు దారం కట్టడం లాంటిదని.

ఆ ఏడు తాత కొత్త తీగె తేవడానికి లోపలికి పోయినప్పుడు నేను పాతది విప్పబోయాను. ఒక్క చుట్టు విప్పానో లేదో చెంప ఛెళ్ళుమంది. తాత ఆ చుట్టు మళ్ళీ బిగించి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

సాయంత్రం తువ్వాలులో బొరుగులు, పప్పులు మూట కట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతి ఉగాది చూడకుండానే పోయాడు. అప్పటిదాకా నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మొండిదాన్ని. ఇప్పటికీ మొండిదాన్నే, కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి.

తాత పోయాక ఆ తీగె మార్చడం ఎవరికీ చేతకాలేదు. దాని మీదనే పసుపు దారం చుట్టి, గంధం పూసి, కుంకుమ పెట్టి, ఎదురుగా కర్పూరం వెలిగించేవాళ్ళం. ఏటికేడు గంధం మీద గంధం పేరుకొని అసలు తీగె ఉందో లేదో కనిపించకుండా పోయింది.

నేను వేలూరులో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఇంటిల్లిపాదీ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం నా ఒక్కదానికే వచ్చు. ఖాళీగా ఉన్నాను కదా, తాత గురించి రాద్దామని కూర్చున్నాను. కూర్చుంటే తెలిసిన సంగతులు నాలుగు ముక్కలు కూడా లేవు. యుద్ధం రోజుల్లో కూలికని బెంగాలు పోయాడు. అక్కడ అమెరికా వాళ్ళ విమానాల దగ్గర పని. ఒక్కో విమానానికి నాలుగు ఇంజన్లు, ముక్కు మీద ఆడమనిషి బొమ్మ. ఆ బొమ్మ సంగతి వచ్చినప్పుడల్లా తాత సిగ్గుపడి మాట మార్చేవాడు. గాలిమర చూపించి మాత్రం, "ఇది ఒకటన్నా మిగిలింది నా చేతిలో" అనేవాడు. జ్ఞాపకానికి తెచ్చుకున్నాడని మేం అనుకునేవాళ్ళం.

పోయిన ఆయుధ పూజ పొద్దున, పుస్తకాలు సరస్వతి ముందర పెట్టి, చదువు ముట్టకూడని రోజని తెలిసి కూడా, ఫోనులో ఆ విమానాల గురించి వెతికాను. ఆ విమానాల దళంలో పనిచేసిన ఒక అమెరికా ఆయన మనవడు వాళ్ళ చరిత్రంతా పోగుచేసి పెట్టాడు. ఎక్కడ కవాతు నేర్చుకున్నారు, ఓడలో ఎలా వచ్చారు, బర్మాలో ఏ వంతెనలు కూల్చారు, ఏ విమానం తిరిగి రాలేదు, అందులో ఎవరెవరు ఉన్నారు, అన్నీ పేరుపేరునా రాశాడు. వాళ్ళూ కుర్రవాళ్ళే, పాపం. ఫోటోల్లో నవ్వుతున్నారు. మా తాతలాంటి వాళ్ళకు ఒకే ఒక వాక్యం దక్కింది: బాంబులు ఎక్కించడానికి స్థానిక కూలీలు ఉండేవారని. ఒళ్ళు మండింది. ఒక ఫోటోలో గోచీలు పెట్టుకున్న మనుషులు బాంబును బండి మీద తోస్తున్నారు. తాత ఉన్నాడేమోనని ఒక్కో మొహం పెద్దది చేసి చూశాను.

ఆ కింద బొమ్మలో మా గాలిమర ఉంది.

అదే గుండు, అవే రేకులు. బాంబు ముక్కుకు బిగించే మర అని రాసి ఉంది. విమానంలో ఉన్నంతసేపు ఫ్యాను తిరగకుండా తీగె కడతారు. బాంబు వదిలినప్పుడు తీగె ఊడి వస్తుంది. పడుతుంటే గాలికి ఫ్యాను గిరగిరా తిరుగుతుంది. తిరిగి తిరిగి అది ఊడిపోయాక దేనికైనా తగిలితే చాలు, పేలుతుంది. ఇలాంటివి ఎక్కడైనా కనిపిస్తే ముట్టవద్దు, బాంబు లేకపోయినా దీని కడుపులో ఉన్న పేలుడు మందు మనిషిని చంపుతుంది, ఎంత పాతదైనా సరే, అని ఎర్ర అక్షరాలతో రాశాడు.

ఎదురుగా మేం వెలిగించిన కర్పూరాలన్నీ గుర్తొచ్చాయి. గుడియాత్తం ఇంట్లో తమ్ముడు, మరదలు, వాళ్ళ ఆరేళ్ళ మనవరాలు ఉన్నారు. పిల్ల అమ్మానాన్నలు అరక్కోణంలో. సెలవులని పిల్లను మా తమ్ముడి దగ్గర వదిలారు.

తమ్ముడికి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారి మోగుతుండగా తట్టింది. మా తమ్ముడు ఫోన్లు కూడా పూజలో పెడతాడు. "ఇది కూడా మన పనిముట్టే గదక్కా" అని అంతకు ముందటేడు తనదీ మరదలిదీ రెండు ఫోన్లకూ బొట్టు పెట్టి పలక మీద పెట్టాడు. గాలిమర పక్కనే. నేను చేసిన ఒక్కో ఫోనుకూ ఆ పలక జుయ్యిమని అదురుతూ ఉంటుంది. చప్పున కట్ చేశాను. మళ్ళీ చేయడానికి ధైర్యం చాలలేదు. పిల్ల తండ్రికి చెబితే అరక్కోణంలో కూర్చొని ఏం చేస్తాడు, గుండె పట్టుకోవడం తప్ప? పోలీసులకు చెబితే, ఆయమ్మకు పండగ పూట మతి పోయిందంటారు.

బస్టాండుకు పరుగెత్తాను. గుడియాత్తం బస్సు అరటి పిలకలు కట్టుకొని కదలకుండా నిలబడింది. ముందర డ్రైవరు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీస్తున్నాడు. తొందరగా తీయమని కండక్టరును కసిరాను.

"ఉక్కారుమ్మా, పూజ ముడియట్టుమ్. యాడికి పోతాది ఊరు?" అన్నాడు, సగం అరవం, సగం తెలుగు. కూర్చోమని, పూజ కానిమ్మని.

ఊరు ఎక్కడికీ పోదు. నా భయం ఊరి గురించి కాదని వాడికెలా చెప్పను? గుమ్మడికాయ రోడ్డు మీద పగిలింది. ఆ చప్పుడుకు సీట్లోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్న ఆమె నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. దారి పొడుగునా ప్రతి మెకానిక్ షెడ్డు ముందర అదే. కాయ పగలడం, నా ప్రాణం ఎగిరిపడడం. ఆ పిల్లకు చెయ్యి ఊరికే ఉండదు. నా పోలికే. నాకు తాత ఉన్నాడు, చూశాడు. దానికెవరున్నారు? ముసలాయన మీద కోపం ముంచుకొచ్చింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? దొంగతనంగా తెచ్చిన దొరల సామాను, జైల్లో వేస్తారని భయపడి ఉంటాడు. ఆ భయం మా అందరి నెత్తినా పెట్టి పోయాడు.

ఆటో దిగి వాకిట్లోకి పోయేసరికి తమ్ముడు బండి కడుగుతున్నాడు. మరదలు చింతపండుతో ఇత్తడి తోముతోంది. పిల్ల గడప మీద కూర్చొని ఉంది. ఒళ్ళో గాలిమర. గంధమంతా గోకేశారు. పసుపు దారాలు కింద కుప్పగా పడి ఉన్నాయి. చిలుము పట్టి పచ్చబడిన, మా తాత కట్టిన తీగె ఒక్కటే మిగిలింది. పిల్ల పక్కన కటింగ్ ప్లయర్.

"వేలూరవ్వా, ఈపొద్దు ఇది తిరుగుతాది" అంది పిల్ల సంబరంగా. "తీగె కోస్తానన్నాడు తాత" అని మా తమ్ముణ్ణి చూపించింది.

"చిలుము పట్టి అసింకంగా ఉండాది గదక్కా" అన్నాడు తమ్ముడు. "తీసేసి కొత్త దారం కడదామని."

అరిస్తే పిల్ల జారవిడుస్తుందని అరుపు దిగమింగుకున్నాను. పక్కన కూర్చొని, "నాకియ్యి తల్లీ, మెల్లిగా" అన్నాను. ఇచ్చింది. బరువుగా ఉంది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని, అడుగులో అడుగు వేస్తూ పెరట్లోకి నడిచాను. గోడ కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో గుంట చేసి పెట్టాను. లేచి తిరిగేసరికి పిల్ల ప్లయర్ తీసుకొని నా వెనకే వచ్చి, వంగి, ఫ్యాను మీద చెయ్యి వేయబోతోంది.

కొట్టాను. చెంప మీద, గట్టిగా. యాభై ఏళ్ళ కిందటి చప్పుడే.

పిల్ల ఏడవలేదు. నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు, నేను చూసిన చూపే అది.

"పండగ నాడు పసిబిడ్డను కొడతావా వదినా?" అని మరదలు దాన్ని లాక్కుంది. నేను విషయం చెప్పేసరికి తమ్ముడి చేతిలోని తడిగుడ్డ జారిపోయింది. అందరం చేను గట్టుకు పోయి నిలబడ్డాం. అక్కడి నుంచే పోలీసులకు చెప్పాం. వాళ్ళు వచ్చి వీధంతా ఖాళీ చేయించారు.

మర్నాడు బాంబులు తీసే పని తెలిసినవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన చాలాసేపు వంగి చూసి, మందు ఇంకా అలాగే ఉందన్నాడు. ఈ తీగె ఎవరు కట్టారని అడిగాడు. "మా తాత" అన్నాను. "తెలిసినవాడే కట్టాడు. ఇది లేకపోయుంటే మీరెవరూ ఉండేవాళ్ళు కాదు" అన్నాడాయన. దాన్ని ఇసుక నింపిన పెట్టెలో పెట్టుకొని మోర్ధానా డ్యాము వైపు ఏటి గర్భంలోకి తీసుకుపోయారు.

మధ్యాహ్నం చప్పుడు వినిపించింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. అన్ని బాంబులు మోసి, ఎవరి మీదా పడకుండా తాత మిగుల్చుకున్నది ఇదొక్కటేనని నాకప్పుడు అర్థమైంది. కొట్టిన రోజు ఆయన ఎందుకు కూలబడ్డాడో కూడా.

పిల్ల ముందురోజు నుంచి నాతో మాట్లాడలేదు. గట్టు మీద నాకు దూరంగా కూర్చొని ఉంది. పోయి దాని పక్కన కూర్చున్నాను. గాలిమర అంటే ఏమిటో, మా తాత ఎవరో, నేను ఆ తీగె ఎలా విప్పబోయానో, ఆయన నన్నెలా కొట్టాడో మొత్తం చెప్పాను. "నీకేమన్నా అయిపోతాదని భయమేసి కొట్టినా తల్లీ" అన్నాను. ఈ మాటే చెప్పడానికి వచ్చాడేమో, నేను తాత వైపు మొహమైనా తిప్పలేదు.

పిల్ల గడ్డిపోచ తెంపుతూ విన్నది.

"నాతో మాట్లాడతావా?" అని అడిగాను.

గడ్డిపోచ పారేసి, "రేపు మాట్లాడతా" అంది.

ఆ సాయంత్రం నేను వేలూరు బస్సు ఎక్కలేదు.